అపెండిక్స్ వాచిందన్నారు, ఆపరేషనా యాంటీబయాటిక్సా? రేపు పొద్దునకల్లా చెప్పాలి

కిరణ్మయి:
అందరికీ నమస్తే, తెలిసినవాళ్లెవరైనా ఉంటే కాస్త తొందరగా చెప్పండి. మా తమ్ముడికి 22 ఏళ్లు. నిన్న రాత్రి కడుపునొప్పి మొదలైంది, ముందు బొడ్డు చుట్టూ అన్నాడు, గ్యాస్ అనుకుని పడుకున్నాడు, తెల్లారేసరికి అది కుడివైపు కిందికి దిగింది, రెండుసార్లు వాంతి, తిండి వాసనే పడట్లేదు. హాస్పిటల్‌కి తీసుకొస్తే స్కాన్ చేసి అపెండిక్స్ వాచింది, 24 గంటల నొప్పి అంటారు కదా అదే అన్నారు. అడ్మిట్ చేసుకుని సెలైన్, యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. రేపు పొద్దున లాప్రోస్కోపీ, అంటే చిన్న కోతలతో కెమెరా పెట్టి ఆపరేషన్, చేసేయొచ్చు, లేదంటే మందులతో కూడా ప్రయత్నించొచ్చు, ఇంట్లో మాట్లాడుకుని చెప్పండి అన్నారు సర్జన్ గారు. చిక్కంతా ఇక్కడే. మందులతో పోయేదానికి కోయించడమెందుకు అని నాన్న, తీసేయించేస్తే ఇంక మళ్లీ రాదు కదా అని అమ్మ. ఇద్దరూ నా మొహం చూస్తున్నారు. అసలు అపెండిక్స్ మందులతో తగ్గుతుందా? రేపటిదాకా ఆగితే ఈలోపు పగిలిపోదా?

డాక్టర్_శ్రీ (జనరల్ సర్జరీ):
కిరణ్మయి గారూ, ముందు కంగారు తగ్గించుకోండి. తమ్ముడు హాస్పిటల్లోనే ఉన్నాడు, యాంటీబయాటిక్స్ పడుతున్నాయి, అదే సగం బలం. పొద్దునదాకా ఆగడం గురించి భయపడకండి. పగలని మామూలు అపెండిసైటిస్‌లో 8 గంటల్లోపు చేసినా 24 గంటల్లోపు చేసినా పగలడంలో తేడా పెద్దగా ఉండదని ఫిన్లాండ్, నార్వేల్లో 1,800 మందికి పైగా పేషెంట్ల మీద జరిగిన ట్రయల్ 2023లో వచ్చింది, ఒకవైపు 8 శాతం, ఇంకోవైపు 9 శాతం. కానీ అది హాస్పిటల్లో, డాక్టర్ల కళ్లముందు ఆగడం గురించి. ఇంట్లో ఆగడం గురించి కాదు, ఈ రెండూ ఒకటనుకోవద్దు ఎవరూ.

ఇంక మందులా ఆపరేషనా అన్నది చెప్పాలంటే నాకు మూడు విషయాలు కావాలి. స్కాన్‌లో అపెండిక్స్ మందం ఎంత రాశారు, చుట్టూ నీరు గానీ చీము గానీ ఉందన్నారా, లోపల రాయి లాంటిది, అంటే గట్టిపడిన మలం ముక్క, ఉందన్నారా. ఈ మూడోది అన్నిటికంటే ముఖ్యం. తీసింది అల్ట్రాసౌండా సీటీనా అది కూడా చెప్పండి.

కిరణ్మయి:
థాంక్యూ డాక్టర్ గారూ. అల్ట్రాసౌండ్ ఒక్కటే. రిపోర్ట్‌లో 9 మిల్లీమీటర్లు, నొక్కితే అణగట్లేదు, చుట్టూ నీరు లేదు అని ఉంది. రాయి ఉందనీ లేదు లేదనీ లేదు, ఆ మాటే రాయలేదు. రక్తపరీక్షలో తెల్లకణాలు 14,200, జ్వరం 100.2.

డాక్టర్_శ్రీ (జనరల్ సర్జరీ):
సరే, అపెండిసైటిస్ అన్నదాంట్లో పెద్దగా అనుమానం లేదు. మేం వాడే ఆల్వరాడో స్కోర్ అని ఒకటుంది, 1986 నుంచీ ఉంది, మొత్తం 10 మార్కులు. నొప్పి చోటు మారితే 1, ఆకలి పోతే 1, వాంతి లేదా వికారం 1, జ్వరం 1, చెయ్యి నొక్కి టక్కున తీసినప్పుడు నొప్పి కొడితే 1, తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ ఎక్కువైతే 1, కుడివైపు కింద నొక్కితే నొప్పికి 2, తెల్లకణాలు 10,000 దాటితే 2. 7 గానీ ఆ పైన గానీ వచ్చిందంటే మేం గట్టిగానే అనుమానిస్తాం. మీవాడికి మీరు చెప్పినవాటితోనే 6 వచ్చేశాయి, పొట్ట నొక్కి చూసిన డాక్టర్ మిగతావి చూసే ఉంటారు.

నొప్పి చోటెందుకు మారుతుందంటే, అపెండిక్స్ పెద్దపేగు మొదట్లో వేలాడే సన్నటి గొట్టం, ఒక చివర మూసుకుపోయి ఉంటుంది, ఎక్కువమందిలో 6 నుంచి 10 సెంటీమీటర్లు. గట్టిపడిన మలం ముక్కో, ఏదో ఇన్ఫెక్షన్‌కి ఉబ్బిన లింఫ్ కణజాలమో దాని నోటికి అడ్డం పడితే లోపల ఊరే జిగురు బయటికి రాలేదు, గొట్టం ఉబ్బుతుంది. ఈ దశలో కబురు మోసే నరాలూ బొడ్డు దగ్గరి నరాలూ వెన్నులో ఒకే చోట చేరతాయి, అందుకే నొప్పి బొడ్డు చుట్టూ ఉన్నట్టు అనిపిస్తుంది, ఎక్కడో వేలు పెట్టి చూపించమంటే చూపించలేరు. తర్వాత వాపు బయటికొచ్చి పొట్ట లోపలి పొరకి తగలగానే, ఆ పొరకి చోటు సరిగ్గా తెలుసు కాబట్టి ఇదిగో ఇక్కడే అని చూపిస్తారు. తుంటి ఎముక ముందువైపు మొన నుంచి బొడ్డుకి గీత గీస్తే, ఎముక వైపు నుంచి మూడో వంతు దగ్గర. 1889లో మెక్‌బర్నీ అనే సర్జన్ రాసిన చోటు, ఈరోజుకీ మా వేలు ముందు అక్కడికే పోతుంది. అందరిలో అడ్డు కనబడదు, కొందరిలో ఎందుకు వాచిందో తీసి చూసినా తేలదు.

లోపల ఒత్తిడి ఇంకా పెరిగితే ముందు సిరలు నొక్కుకుపోతాయి, తర్వాత రక్తం అందక గోడ కుళ్లుతుంది, చివరికి చిల్లు పడుతుంది. ఇది గడియారం పెట్టినట్టు అందరిలో ఒకేలా జరగదు, కానీ నొప్పి మొదలై ఒకటిన్నర రోజు దాటాక ప్రమాదం బాగా పెరుగుతూ పోతుంది.

స్కాన్_రూమ్:
రేడియాలజీలో ఉన్నాను, రిపోర్ట్ గురించి నేను చెప్తా. అణగట్లేదు అన్న మాట చిన్నదిగా కనిపిస్తుంది కానీ నిర్ధారణలో సగం అదే. ప్రోబ్ ఒక్కసారిగా గుచ్చకుండా మెల్లగా, పేషెంట్ ఊపిరి వదిలేకొద్దీ కొంచెం కొంచెం లోపలికి నొక్కుతూ పోతాం, పేగుల్లో గాలి పక్కకి జరుగుతుంది, మామూలు అపెండిక్స్ అయితే చదునుగా అణిగిపోతుంది, వాచింది మాత్రం గుండ్రంగా అలాగే నిలబడుతుంది, ప్రోబ్ అడ్డంగా తిప్పి చూస్తే స్క్రీన్ మీద ఒకదాంట్లో ఒకటి వలయాల్లా కనిపిస్తుంది. ఆ క్షణంలో స్క్రీన్ కంటే ముందు పేషెంట్ మొహమే చెప్పేస్తుంది. 6 మిల్లీమీటర్లు దాటితే అనుమానం, 9 అంటే వాచినట్టే.

రాయి మాట రాయలేదంటే లేదని అర్థం చేసుకోకండి. అల్ట్రాసౌండ్‌లో చిన్న రాళ్లు, మొదలు దగ్గర ఉన్నవి తప్పిపోతుంటాయి, అపెండిక్స్ పెద్దపేగు వెనక్కి మడిచి ఉంటే అసలు అపెండిక్సే కనబడకపోవచ్చు. మందులతోనే చూద్దాం అనుకుంటే మాత్రం సీటీ తీయకుండా ఆ నిర్ణయం తీసుకోవద్దు అని నా గట్టి అభిప్రాయం. ఆపరేషన్‌కే ఒప్పుకుంటే, ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు, 22 ఏళ్ల సన్నటి కుర్రాడికి సీటీ తప్పనిసరి అనను, అది మీ సర్జన్ చూసుకుంటారు.

వేణుగానం:
నాకు యాంటీబయాటిక్స్‌తోనే తగ్గింది, ఆపరేషన్ లేదు. సీటీ తీశారు, రాయి లేదు, పగల్లేదు, హాస్పిటల్లో నరానికి మందులిచ్చి తర్వాత మాత్రలతో ఇంటికి పంపారు, ఏళ్లు గడిచాయి మళ్లీ రాలేదు. మీ నాన్నగారు అన్నదాంట్లో తప్పేం లేదు కిరణ్మయి గారూ. కానీ ఒక్కటి చెప్పాలి, ఇప్పటికీ కుడివైపు చిన్న పోటొస్తే చాలు గుండె ఝల్లుమంటుంది. దూరం ఊళ్లు, ఎక్కువసేపు ఫ్లైట్ ప్రయాణం అంటే ముందు అక్కడ దగ్గర్లో హాస్పిటల్ ఉందా అని చూసుకుంటా. ఆ భయంతో బతకగలను అనుకునేవాళ్లకి ఇది మంచి దారే.

చిన్నారి_అమ్మ:
మా అక్కకి కూడా ఇలాగే మందులిచ్చారు, మొదటిసారి తగ్గింది, కొన్ని నెలలకే తిరగబెట్టింది, రెండోసారి ఆపరేషన్ చేశారు. అక్క ఏమంటుందంటే మొదటిసారి ఆపరేషన్ చేయించుకునే పరిస్థితిలో లేను, పరీక్షలున్నాయి, అందుకని మందులు నాకు టైం ఇచ్చాయి అంటుంది. తనకి బాధ లేదు.

లెక్కలమాస్టారు:
ఒకరికి తగ్గింది ఒకరికి తగ్గలేదు అనుకుంటూ ఉంటే తెగదండీ. రెండు పెద్ద ట్రయల్స్ ఉన్నాయి, వాటి లెక్కలు పెడుతున్నా. ఫిన్లాండ్‌లో అపాక్ అని ఒకటి, 530 మంది పెద్దవాళ్లు, 2015లో మొదటి ఫలితాలు. మందులు వాడినవాళ్లలో ఏడాదిలోపు 27 శాతం మందికి ఆపరేషన్ పడింది, ఐదేళ్లకి 39 శాతం. ఇందులో రాయి ఉన్నవాళ్లని ముందే తీసేశారు, అది గుర్తుపెట్టుకోండి. రెండోది అమెరికాలో కోడా ట్రయల్, 1,552 మంది, 2020లో వచ్చింది, ఇందులో రాయి ఉన్నవాళ్లని కూడా కలిపారు. 90 రోజుల్లో ఆపరేషన్ పడింది మొత్తం మీద 29 శాతానికి, రాయి లేనివాళ్లలో 25, ఉన్నవాళ్లలో 41. అంటే మూడు నెలలు ఆపరేషన్ లేకుండా గడిచినవాళ్లు పదిలో ఏడుగురు. ఏడాదికి ఆ ఆపరేషన్ సంఖ్య 40 దగ్గరికి వచ్చింది. పనికి వెళ్లలేని రోజులు మందుల వాళ్లకి సగటున 5, ఆపరేషన్ వాళ్లకి 9 దాకా.

నాకైతే ఇవి చూస్తే మందులు బాగానే పనిచేస్తున్నట్టు అనిపిస్తుంది. పదిమందిలో ఆరుగురు ఏడాదిదాకా కత్తి తప్పించుకుంటున్నారు కదా.

డాక్టర్_శ్రీ (జనరల్ సర్జరీ):
లెక్కలు సరిగ్గా చెప్పారు మాస్టారు. నేనొకటి కలుపుతా. ఈ ట్రయల్స్‌లో మందులు వాడినవాళ్లని మందులిచ్చి వదిలేయలేదు. అపాక్‌లో మూడు రోజులు నరానికి, ఆ తర్వాత వారం మాత్రలు. కోడాలో కనీసం ఒక రోజు నరానికి పడేలా, మొత్తం పదిరోజుల కోర్సు. మధ్యలో నొప్పి పెరిగితే వెంటనే థియేటర్‌కి తీసుకెళ్లే ఏర్పాటు ఉంది. ఇది చదివి ఎవరైనా మెడికల్ షాపులో నాలుగు మాత్రలు కొనుక్కుని ఇంట్లో కూర్చుంటే అది ఈ వైద్యం కాదు. నేను ఈ మాట గట్టిగా ఎందుకంటున్నానంటే, అరకొర మందులతో నొప్పి సగం అణిగి, లోపల చీము గడ్డ కట్టాక వచ్చేవాళ్లని వార్డులో చూస్తూనే ఉంటాం, అప్పుడు చిన్న ఆపరేషన్‌తో పోవాల్సింది వారాలు పడుతుంది.

ఇంకోటి, 40 శాతానికి తర్వాత ఆపరేషన్ పడింది అంటే మందులు వాళ్లకి హాని చేశాయని కాదు, ఆపరేషన్ వాయిదా పడింది అంతే. రాయి ఉన్నవాళ్ల సంగతే వేరు, వాళ్లలో మందులు వాడితే ఆపరేషన్ పడే అవకాశంతో పాటు కాంప్లికేషన్లు కూడా ఎక్కువ కనిపించాయి. అందుకే రాయి రాయి అని అంతసేపూ అడుగుతున్నా. రాయి లేదు, పగల్లేదు, పేషెంట్‌కి ఒప్పుదల ఉంది, మళ్లీ నొప్పొస్తే గంటలో హాస్పిటల్ చేరగలడు, ఈ నాలుగూ ఉంటే మందుల దారి నేను కూడా నిజాయితీగా చెప్తాను. రాయి ఉంటే ఆపరేషన్ అంటాను.

వార్డు_సిస్టర్:
సర్జికల్ వార్డులో పనిచేస్తా. ఇది చదివేవాళ్లలో ఇంట్లో నొప్పితో ఉన్నవాళ్లు కూడా ఉండొచ్చు కాబట్టి మేం గమనించేవి రాస్తున్నా. అపెండిక్స్ నొప్పి ఉన్నవాళ్లు కదలరు. కుడి మోకాలు కొంచెం మడుచుకుని పడుకుంటారు, స్ట్రెచర్ గుమ్మం దగ్గర చిన్న గతుకు ఎక్కినా పళ్లు బిగబడతారు, దగ్గమంటే పొట్ట మీద చెయ్యి పెట్టుకుని సగం దగ్గుతారు. కిడ్నీ రాయి నొప్పి వాళ్లు దీనికి పూర్తిగా ఎదురు, మంచం మీద ఒక్క క్షణం నిలవరు, అటూ ఇటూ పొర్లుతారు. ఇంకొకటి, అపెండిక్స్‌లో సాధారణంగా ముందు నొప్పి, తర్వాత వాంతి. ముందు వాంతులు విరేచనాలు మొదలై తర్వాత నొప్పి వస్తే వేరే కారణాలు ఎక్కువ, అలాగని వదిలేయమని కాదు.

ఇంట్లో చేయకూడనివి: విరేచనాల మందు వేయొద్దు, ఎనిమా ఇవ్వొద్దు, పొట్ట మర్దనా చేయొద్దు, వేడి కాపడం పెట్టొద్దు. హాస్పిటల్‌కి బయల్దేరేటప్పుడు ఏమీ తినకండి తాగకండి, థియేటర్‌కి వెళ్లాల్సొస్తే మత్తు ఇవ్వడానికి కడుపు ఖాళీగా ఉండాలి.

రవళి_ఎస్:
నొప్పి మాత్ర కూడా వేయకూడదంటారు కదా, జబ్బు దాగిపోతుందని?

డాక్టర్_శ్రీ (జనరల్ సర్జరీ):
ఒకప్పుడు మాకూ అలాగే నేర్పేవారు. హాస్పిటల్లో డాక్టర్ చూస్తుండగా నొప్పికి మందిస్తే నిర్ధారణ దెబ్బతినదని తర్వాత పరిశోధనల్లో తేలింది. అందుకే నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషికి మందు ఇవ్వకుండా స్కాన్ కోసం గంటలు కూర్చోబెట్టడం ఇప్పుడు సరైన పద్ధతి కాదు, మీరు అడగొచ్చు. ఇంట్లో సంగతి వేరు. ఇంట్లో మాత్ర వేసుకుని తగ్గిందిలే అని హాస్పిటల్‌కి వెళ్లడం మానేయడమే ప్రమాదం, మాత్ర కాదు.

కిరణ్మయి:
డాక్టర్ గారూ ఇప్పుడు వాడు నొప్పి చాలా తగ్గింది, ఇంటికెళ్లిపోదాం అంటున్నాడు. ఇది మంచిదా చెడ్డదా? నాన్న వెంటనే చూశావా తగ్గిపోయింది అంటున్నారు.

డాక్టర్_శ్రీ (జనరల్ సర్జరీ):
ఇంజెక్షన్ పడ్డాక మెల్లగా తగ్గింది, పొట్ట మెత్తగా ఉంది, నాడి జ్వరం తగ్గుతున్నాయి అంటే మంచిదే, మందు పనిచేస్తోంది. ఇంటికి మాత్రం పంపించకండి. మేం భయపడే తగ్గడం ఇంకోటుంది. తీవ్రమైన నొప్పి ఒక్కసారిగా మాయమై, కాసేపు హాయిగా ఉండి, ఆ తర్వాత పొట్టంతా నొప్పి, పొట్ట చెక్కలా గట్టిపడటం, జ్వరం పెరగడం, గుండె వేగంగా కొట్టుకోవడం. అది ఉబ్బిన గొట్టం పగిలి ఒత్తిడి వదిలిందని. ఆ మధ్యలో హాయిగా ఉన్న కాసేపే మనుషుల్ని మోసం చేస్తుంది. డ్యూటీ డాక్టర్‌ని పిలిచి ఇప్పుడే పొట్ట చూడమనండి, సీటీ సంగతి కూడా అప్పుడే అడగండి.

చిన్నారి_అమ్మ:
పిల్లల గురించి నేను చెప్పాలి, ఎందుకంటే ఇది తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. మా బాబు అప్పుడు నాలుగేళ్లవాడు, కుడివైపు నొప్పి అని చెప్పే వయసు కాదు, పొట్ట అంతా నొప్పి అంటాడు, జ్వరం, విరేచనాలు. మేం వెళ్లిన క్లినిక్‌లో పొట్ట మీద చెయ్యి కూడా వేయకుండా విరేచనాల జ్వరం అని మందు రాసి పంపేశారు. మర్నాటికి నడవమంటే వంగి కుడికాలు ఈడుస్తూ నడిచాడు, దూకమంటే ఏడ్చాడు. పెద్దాసుపత్రికి వెళ్లేసరికి పగిలిపోయి ఉంది. బతికించారు, వాళ్లకి జన్మంతా రుణపడి ఉంటాం, కానీ పొట్ట కడిగి, ట్యూబు పెట్టి, చాలా రోజులు ఉన్నాం. పిల్లాడి పొట్ట ముట్టుకుని చూడకపోతే చూడమని మీరే అడగండి, మొహమాటపడకండి.

డాక్టర్_శ్రీ (జనరల్ సర్జరీ):
చిన్నారి అమ్మగారు చెప్పింది అక్షరాలా నిజం. ఐదేళ్లలోపు పిల్లల్లో నిర్ధారణ అయ్యేసరికే పగిలి ఉండటం చాలా ఎక్కువ. జబ్బు ఎక్కువగా వచ్చేది 10 నుంచి 30 ఏళ్ల వాళ్లకి కాబట్టి చిన్నపిల్లల్లో, ముసలివాళ్లలో అనుమానమే రాదు. పెద్దవయసు వాళ్లలో జ్వరం ఉండకపోవచ్చు, నొప్పి కూడా పెద్దగా చెప్పకపోవచ్చు, లోపల మాత్రం ముదిరిపోయి ఉండొచ్చు.

రవళి_ఎస్:
గర్భంతో ఉన్నప్పుడు వస్తే ఏం చేస్తారు? నాకు ఆరో నెల, చదువుతుంటే భయమేస్తోంది.

డాక్టర్_శ్రీ (జనరల్ సర్జరీ):
భయం వద్దమ్మా, తెలుసుకుంటే చాలు. గర్భసంచి పెరిగేకొద్దీ అపెండిక్స్ పైకి జరగొచ్చు, అందుకని కొందరిలో నొప్పి పక్కటెముకల దగ్గరికి కూడా రావచ్చు, ఎక్కువమందిలో మాత్రం కుడివైపు కిందే ఉంటుంది. ముందు అల్ట్రాసౌండ్, తేలకపోతే ఎంఆర్ఐ, దాంట్లో రేడియేషన్ ఉండదు. తేలితే ఆపరేషనే చేస్తాం, లాప్రోస్కోపీ కూడా చేస్తాం. బిడ్డకి అసలు ముప్పు ఆపరేషన్ కంటే అపెండిక్స్ పగలడంలో చాలా ఎక్కువ, అందుకే ఆగం. ఇంక గర్భం ఉందని తెలియని ఆడవాళ్లకి కుడివైపు నొప్పి వస్తే అండాశయం మెలిపడటం, ట్యూబులో గర్భం నిలవడం కూడా చూడాలి, ఈ రెండూ కూడా గంటల్లో తేల్చాల్సినవే. ప్రెగ్నెన్సీ టెస్ట్ చేస్తామంటే పెళ్లికాలేదు ఎందుకు అని కోపగించుకోకండి, అది లేకుండా మేం ముందుకెళ్లలేం.

పాతపుస్తకం:
మధ్యలో దూరుతున్నా, ఈ అవయవం మీద చేసిన పనులు చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది నాకు. మొట్టమొదట అపెండిక్స్ తీసినట్టు రాతలో ఉన్నది 1735లో లండన్‌లో, క్లాడియస్ అమ్యాండ్ అనే సర్జన్, పదకొండేళ్ల పిల్లాడికి హెర్నియా ఆపరేషన్ చేస్తుంటే అందులో అపెండిక్స్ దొరికింది, దానికి గుండుసూది గుచ్చుకుని చిల్లు పడి ఉంది. మత్తుమందు పుట్టక ముందు సంగతి ఇది, పిల్లాడు బతికాడు. ఆ తర్వాత 150 ఏళ్లకి 1886లో రెజినాల్డ్ ఫిట్జ్ అనే డాక్టర్ ఈ జబ్బుకి మూలం అపెండిక్సే, తొందరగా తీసేయాలి అని తేల్చి చెప్పాడు. 1961లో అంటార్కిటికాలో సోవియట్ స్థావరంలో లియొనిద్ రొగొజోవ్ అనే డాక్టర్‌కే ఇది వచ్చింది, అక్కడ వేరే డాక్టర్ లేడు, బయటికెళ్లే దారి లేదు, పొట్టకి మత్తు సూది వేసుకుని తన అపెండిక్స్ తనే తీసుకున్నాడు, తోటివాళ్లు అద్దం పట్టుకున్నారు. రెండు వారాల్లో డ్యూటీకి వచ్చాడు.

వేణుగానం:
మందులు వాడేటప్పుడు నాకు ఈ కథ గుర్తుండి ఉంటే ఇంకొంచెం ధైర్యంగా ఉండేవాణ్ణేమో. సరే, గింజలు మింగితే అపెండిక్స్‌లో ఇరుక్కుంటాయంటారు, నిజమేనా?

స్కాన్_రూమ్:
చాలా చాలా అరుదు. రాళ్లలా కనిపించేవి దాదాపు అన్నీ సున్నం పట్టి గట్టిపడిన మలమే. గింజల కోసం పిల్లల్ని కొట్టాల్సిన పనిలేదు.

కిరణ్మయి:
అప్‌డేట్. డ్యూటీ డాక్టర్ వచ్చి పొట్ట చూశారు, మెత్తగానే ఉంది, కానీ కుడివైపు నొక్కి వదిలితే ఇంకా ఎగిరిపడుతున్నాడు. రాయి ఉందో లేదో తెలియకుండా మందుల సంగతి మేం చెప్పలేం అని అడిగితే సీటీ తీశారు. మొదలు దగ్గర 7 మిల్లీమీటర్ల రాయి ఉందట. పగల్లేదు. సర్జన్ గారే ఫోన్‌లో నాన్నతో మాట్లాడారు, నాన్న మారు మాట్లాడకుండా సంతకం పెట్టారు. పొద్దున మొదటి కేసు. ఇప్పుడు చెప్పండి, లోపల ఏం చేస్తారు, తర్వాత ఎలా ఉంటుంది?

డాక్టర్_శ్రీ (జనరల్ సర్జరీ):
మంచి పని చేశారు. పూర్తి మత్తు ఇస్తారు. బొడ్డు దగ్గర ఒక సెంటీమీటరు కోత, అందులోంచి కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ పంపి పొట్ట ఉబ్బించి కెమెరా పెడతారు, ఇంకో రెండు చిన్న కోతలు పనిముట్లకి. అపెండిక్స్‌కి వచ్చే రక్తనాళం మూసి, మొదలు దగ్గర లూప్‌తో కట్టి లేదా స్టేప్లర్‌తో మూసి కోసి, చిన్న సంచిలో వేసి బొడ్డు కోత లోంచి తీసేస్తారు. సంచి ఎందుకంటే బయటికి వచ్చేటప్పుడు కోతకి చీము అంటకుండా. అంతా సాఫీగా ఉంటే అరగంట నుంచి గంట. మొదలు దగ్గరే రాయి ఉంది కాబట్టి కట్టే చోటు గట్టిగా ఉందా అని కాస్త ఎక్కువసేపు చూస్తారు. లోపల పరిస్థితి బాగాలేకపోతే పెద్ద కోతకి మారొచ్చు, సంతకం పెట్టిన కాగితంలో ఆ మాట కూడా ఉంటుంది, అది ఓడిపోవడం కాదు, జాగ్రత్త.

అపెండిక్స్ తీసేస్తే జీర్ణానికి లోటేమీ ఉండదు. అందులో రోగనిరోధక కణజాలం ఉంది, మంచి బాక్టీరియాకి ఆశ్రయం అని కూడా అంటున్నారు, అయినా తీయించుకున్నవాళ్లు మామూలుగానే బతుకుతున్నారు.

వార్డు_సిస్టర్:
తర్వాత సంగతి నేను చెప్తా. లేచాక పొట్ట కంటే భుజం నొప్పి ఎక్కువ అంటాడు చూడండి, ముఖ్యంగా కుడి భుజం. గుండె నొప్పేమో అని ఇంట్లోవాళ్లు పరిగెత్తుకొస్తారు. మిగిలిపోయిన గ్యాస్ ఛాతీ కింద పొరకి తగిలితే భుజంలో తెలుస్తుంది, నడిస్తే ఒకటి రెండు రోజుల్లో పోతుంది. అందుకే సాయంత్రానికే లేపి నడిపిస్తాం, పాపం ఇప్పుడేనా అని మీరు అడ్డుపడకండి. దగ్గొచ్చినప్పుడు దిండు పొట్టకి అదుముకుని దగ్గమనండి. పగలని కేసు అయితే చాలామంది ఒకటి రెండు రోజుల్లో ఇంటికెళ్తారు, కూర్చుని చేసే పనికి వారం రెండు వారాల్లో వెళ్లొచ్చు, బరువులు రెండు వారాలు వద్దు. ఇంటికెళ్లాక జ్వరం తిరిగి రావడం, నొప్పి రోజురోజుకీ పెరగడం, కుట్ల దగ్గర ఎర్రబడి చీము కారడం, పొట్ట ఉబ్బి గ్యాస్ పోకపోవడం, వీటిల్లో ఏది వచ్చినా చెప్పిన తారీఖుదాకా ఆగొద్దు.

కిరణ్మయి:
అయిపోయింది. పగల్లేదు, కానీ కొన చివర నల్లబడుతోంది అన్నారు. మత్తు లోంచి లేచాడు, సిస్టర్ చెప్పినట్టే భుజం నొప్పి అన్నాడు, అమ్మ భయపడబోతే నేనే చెప్పాను. ముక్క పరీక్షకి పంపుతున్నాం అన్నారు. వాచిందని తెలిశాక ఇంకా దేనికి?

డాక్టర్_శ్రీ (జనరల్ సర్జరీ):
సంతోషం. తీసిన ప్రతి అపెండిక్స్‌నీ మైక్రోస్కోపు కింద చూడాలి. నూటికి ఒకరి దగ్గర అటూ ఇటూగా చిన్న గడ్డలు బయటపడతాయి, ఎక్కువ భాగం తీసేయడంతోనే పోయేవే, కానీ తెలియాలి. వారం పదిరోజుల్లో రిపోర్ట్ వస్తుంది, వెళ్లి తెచ్చుకుని ఫైల్లో పెట్టుకోండి, చాలామంది కుట్లు మానగానే దాని సంగతి మర్చిపోతారు.

మంజుల_వై:
ఇంతసేపూ చదివి నా డౌట్ అడుగుతున్నా. మా పిన్నికి 52 ఏళ్లు, వారం నొప్పి ఓర్చుకుని వెళ్లింది, అపెండిక్స్ చుట్టూ గడ్డ కట్టింది అని చెప్పి ఆపరేషన్ చెయ్యకుండా మందులిచ్చి కొన్ని వారాల తర్వాత రమ్మన్నారు. ఇక్కడేమో తొందరగా తీయాలి అంటున్నారు, మా పిన్నికి తీయకుండా పంపేశారు. సరిగ్గానే చేశారా?

డాక్టర్_శ్రీ (జనరల్ సర్జరీ):
సరిగ్గానే చేశారు మంజుల గారూ. అన్ని రోజులు గడిస్తే శరీరమే పేగుల్నీ కొవ్వు పొరనీ అక్కడికి లాగి అపెండిక్స్ చుట్టూ గోడ కట్టేస్తుంది. ఆ సమయంలో చెయ్యి పెడితే అన్నీ అతుక్కుపోయి ఉంటాయి, అపెండిక్స్ కోసం వెళ్లి పేగు చిరిగే ప్రమాదం, ఒక్కోసారి పేగు ముక్కే తీయాల్సి వస్తుంది. అందుకని యాంటీబయాటిక్స్ ఇచ్చి చల్లారనిస్తాం, మధ్యలో చీము పెద్దగా ఉంటే స్కాన్ చూస్తూ సన్నటి ట్యూబు పెట్టి లాగేస్తాం. ఆరు నుంచి ఎనిమిది వారాలయ్యాక తీయాలా వద్దా అన్నది మళ్లీ కూర్చుని మాట్లాడతారు. ఈలోపు జ్వరం గానీ నొప్పి గానీ తిరిగొస్తే తారీఖు చూడొద్దు. పిన్నికి 40 దాటాయి కాబట్టి ఒక్క విషయం మీరే అడగండి, గడ్డ తగ్గాక కొలనోస్కోపీ, అంటే పెద్దపేగులోకి కెమెరా పంపి చూసే పరీక్ష, చేస్తారా అని. ఆ వయసులో అలాంటి గడ్డ వెనక పెద్దపేగులో కణితి దాక్కుని ఉండే అవకాశం కొంచెం ఉంటుంది, అది లేదని చూసుకోవాలి.

మంజుల_వై:
కొలనోస్కోపీ మాట ఎవరూ చెప్పలేదు సార్. రేపే ఫైల్ తీసుకుని వెళ్లి అడుగుతాం.